సెర్జియో బుస్కెట్స్ మైదానంలో అసలు ఏం చేసేవాడు?

2011 ఏప్రిల్ 27, మాడ్రిడ్‌లోని బెర్నబ్యూ స్టేడియం. ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ మొదటి మ్యాచ్‌లో రియల్ మాడ్రిడ్ మీద బార్సిలోనా 1-0తో ముందుంది. 87వ నిమిషంలో, గోల్‌కి ఇంకా చాలా దూరంలో ఉండగానే, మెస్సి బంతిని తన ముందున్న సహచరుడికి ఇచ్చి పరుగందుకున్నాడు. ఆ సహచరుడు బంతిని పాదంతో అలా ఆపాడు, అంతే. మెస్సి అతని కాలి దగ్గర నుంచే బంతిని మళ్లీ లాక్కుపోయి, నలుగురు డిఫెండర్లని దాటి గోల్ కొట్టాడు. ఆ గోల్‌ని ఇప్పటికీ జనం వీడియోల్లో చూస్తూనే ఉంటారు. రికార్డుల్లో మాత్రం దానికి అసిస్ట్, అంటే గోల్‌కి ముందు పాస్ ఇచ్చిన ఘనత, బార్సిలోనా మిడ్‌ఫీల్డర్ సెర్జియో బుస్కెట్స్ పేరు మీద ఉంది.

ఫుట్‌బాల్ చరిత్రలో ఇంతకన్నా తేలిగ్గా వచ్చిన అసిస్ట్ లేదని అభిమానులు జోకులు వేస్తారు. నేనూ వేశాను. తర్వాత ఆ వీడియోని మెస్సిని పక్కన పెట్టి బుస్కెట్స్ కోసం మళ్లీ చూశాను. అతను నిలబడ్డ చోటు చూడండి: గోల్‌కి వీపు పెట్టి, మాడ్రిడ్ ఆటగాళ్ల మధ్యలో ఉన్నాడు. బంతి అతని కాలి కింద ఉన్న ఆ అర సెకనులో ఎదుటివాళ్లు ఇతన్ని కాచుకోవాలా, పరిగెత్తి వస్తున్న మెస్సిని కాచుకోవాలా అని తేల్చుకోవాలి. తేల్చుకునే లోపు మెస్సి దాటిపోయాడు. మిగతాదంతా మెస్సి ప్రతిభే, కాదనను. కానీ ఆ తలుపు దగ్గర ఒక మనిషి నిలబడి ఉండటం యాదృచ్ఛికం కాదు.

బుస్కెట్స్ కెరీర్‌ని అంకెల్లో చూస్తే తికమక ఇంకా పెరుగుతుంది. బార్సిలోనాకి 722 మ్యాచ్‌లు ఆడాడు. ఆ క్లబ్‌లో అంతకన్నా ఎక్కువ ఆడింది మెస్సి, జావి ఇద్దరే. ఆ 722 మ్యాచ్‌లలో కొట్టిన గోల్స్ 18. స్పెయిన్‌కి 143 మ్యాచ్‌లు, 2 గోల్స్. ఎత్తు 1.89 మీటర్లు ఉన్నా హెడర్లకి పేరు లేదు. వేగం అసలే లేదు. టాకిల్ చేసి బంతి లాగితే స్టేడియం లేచి నిలబడే రకమూ కాదు. అయినా బార్సిలోనాతో 32 ట్రోఫీలు: 9 లీగ్ టైటిల్స్, 3 ఛాంపియన్స్ లీగ్‌లు అందులో భాగం. స్పెయిన్‌తో 2010 ప్రపంచకప్, 2012 యూరో (యూరప్ దేశాల కప్). దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి? "జావి, ఇనియెస్టా, మెస్సి ఉన్న జట్టులో ఎవరున్నా గెలుస్తారు" అని ఒక వర్గం. "అతను లేకపోతే ఆ ముగ్గురూ లేరు" అని ఇంకో వర్గం. నాకైతే రెండూ సగం సగమే నిజం అనిపిస్తాయి.

ముందు అతను ఆడిన చోటు సంగతి తేల్చుకోవాలి. డిఫెండర్లకి ముందు, మిగతా మిడ్‌ఫీల్డర్లకి వెనక ఒక్కడే నిలబడే ఆటగాడిని స్పెయిన్‌లో 'పివోతే' అంటారు. తెలుగులో దీనికి సరిగ్గా సరిపోయే మాట ఇరుసు. చక్రాలు తిరుగుతాయి, బండి కదులుతుంది, ఇరుసు ఉన్నచోటే ఉంటుంది. కిర్రుమన్నప్పుడే దాని వైపు చూస్తాం. చాలా దేశాల్లో ఆ చోట ఒక కాపలాదారుని పెడతారు, పరిగెత్తి, ఢీకొట్టి బంతి లాక్కోవడం వాడి పని. బార్సిలోనాలో 1988లో కోచ్‌గా వచ్చిన యోహాన్ క్రైఫ్ దాని అర్థాన్నే మార్చేశాడు. అక్కడ నిలబడేవాడు ముందు పాస్ ఇవ్వగలగాలి, కాపలా తర్వాత. సన్నగా, నెమ్మదిగా ఉండే పెప్ గార్డియోలా అనే కుర్రాడిని తెచ్చి అక్కడ పెట్టాడు. గార్డియోలా వేసుకున్న నంబర్ పేరుతోనే బార్సిలోనాలో ఆ స్థానాన్ని '4' అంటారు.

బుస్కెట్స్‌కి ఈ కథ ఇంట్లోనే తెలుసు. అతని తండ్రి కార్లెస్ బుస్కెట్స్ 1990లలో బార్సిలోనా గోల్‌కీపర్. పొడవాటి ట్రాక్ ప్యాంటు వేసుకుని ఆడేవాడు. చేతులకన్నా కాళ్లతోనే బాగా ఆడతాడని పేరు, అభిమానుల గుండెలు అరచేతిలో పెట్టించిన పేరు కూడా. ఎదుటి ఫార్వర్డ్ మీదికి వస్తున్నా బంతిని గట్టిగా తన్నెయ్యకుండా పాస్ చేసే గోల్‌కీపర్ కొడుకు, మైదానం నడిమధ్యన అదే పని చేస్తూ పదిహేనేళ్లు గడపడంలో ఆశ్చర్యమేమీ లేదు.

1988 జులై 16న సబడెల్‌లో పుట్టిన బుస్కెట్స్ పెరిగింది బార్సిలోనా నగరానికి దగ్గర్లోని బాదియా దెల్ వాయెస్‌లో. బార్సిలోనా యూత్ అకాడమీ లా మాసియాలో పసితనం నుంచి పెరిగినవాడు కాదు. 2005లో, పదిహేడో ఏట, బార్సిలోనా యూత్ జట్టులోకి వచ్చాడు. 2007-08లో బార్సిలోనా బి జట్టు స్పెయిన్ నాలుగో అంచె లీగ్‌లో ఆడుతుంటే దానికి కోచ్ గార్డియోలా. మరుసటి ఏడాది గార్డియోలాకి పెద్ద జట్టు అప్పగించారు. మొదటి లీగ్ మ్యాచ్ నుమాన్సియా చేతిలో ఓడిపోయారు. పేపర్లలో అప్పుడే గోల మొదలైంది. అలాంటి టెన్షన్‌లో రెండో మ్యాచ్‌కి, 2008 సెప్టెంబర్ 13న రేసింగ్ శాంటాండర్ మీద, నాలుగో అంచె నుంచి తెచ్చిన ఇరవై ఏళ్ల కుర్రాడిని దింపాడు. ఆ మ్యాచ్ 1-1 డ్రా. కుర్రాడు మాత్రం జట్టులోనే ఉండిపోయాడు. తొమ్మిది నెలలకి రోమ్‌లో మాంచెస్టర్ యునైటెడ్ మీద ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడి గెలిచాడు.

ఇక అసలు పని. దాన్ని చూడాలంటే బంతి అతని దగ్గరికి రాకముందు చూడాలి. పాత మ్యాచ్ ఒకటి పెట్టుకుని పది నిమిషాలు బంతిని వదిలేసి ఇతన్నే చూస్తే, ముందు కనపడేది మెడ. డిఫెండర్ పీకే దగ్గర బంతి ఉంటుంది. బుస్కెట్స్ అటు తిరిగి, వీపు ఎదుటి జట్టు వైపు పెట్టి నిలబడతాడు. తల ఎడమకి తిప్పుతాడు, కుడికి తిప్పుతాడు, భుజం మీదుగా వెనక్కి ఒక చూపు. పాస్ బయల్దేరాక ఇంకోసారి. అంటే బంతి కాలికి తగిలేసరికి వెనక ఎవరున్నారు, ఎంత దూరంలో ఉన్నారు, తన మనిషి ఎవడు ఖాళీగా ఉన్నాడు అన్న బొమ్మ అతని బుర్రలో తయారై ఉంటుంది. అందుకే ఒక్క టచ్‌తో పంపేస్తాడు. వేగం కాళ్లలో లేనివాడు సమయాన్ని ముందే దాచుకోవాలి కదా. అతను దాచుకునేది ఇలా.

రెండోది, అతను కావాలనే ఆలస్యం చేయడం. ఇది చూడటానికి భలే ఉంటుంది. ఎదుటి ఫార్వర్డ్ వెనక నుంచి మీదికి ఉరుకుతూ వస్తాడు. మామూలు మిడ్‌ఫీల్డర్ వాడు రాకముందే బంతి వదిలించుకుంటాడు. బుస్కెట్స్ ఆగుతాడు. ఎడమ వైపు పాస్ ఇస్తున్నట్టు ఒళ్లు వంచుతాడు, వచ్చేవాడు కాలు చాచగానే బంతిని బూటు అడుగుతో వెనక్కి లాగి కుడికి తిరుగుతాడు. ఉరికినవాడు బస్సు తప్పిపోయినవాడిలా అవతల తేలతాడు. చప్పట్లు కొట్టించుకోవడానికి చేసే విన్యాసం కాదిది. లెక్క ఏమిటంటే, ఆ ఫార్వర్డ్ తన చోటు వదిలి వచ్చాడు కాబట్టి ఆ చోటు ఇప్పుడు ఖాళీ, అక్కడ జావి ఉన్నాడు. వాడిని రప్పించడమే అసలు ఉద్దేశం. జావికి నేరుగా దారి మూసుకుపోతే బంతిని మెస్సికి గట్టిగా పంపుతాడు, మెస్సి దాన్ని ఒక్క తాకుతో జావికి వదులుతాడు. ఈ మూడో మనిషి సూత్రం బార్సిలోనా ఆటకి ఆయువుపట్టు. అందులో మొదటి మనిషి ఎక్కువసార్లు ఇతనే.

మూడోది కూడికల లెక్క. ఎదుటి జట్టు ఇద్దరు ఫార్వర్డ్‌లతో ఒత్తిడి పెడుతోందనుకుందాం. వెనక సెంట్రల్ డిఫెండర్లు పీకే, పుయోల్ ఇద్దరే ఉంటే ఇద్దరికి ఇద్దరు. బుస్కెట్స్ వెనక్కి వచ్చి వాళ్ల మధ్య నిలబడితే ముగ్గురికి ఇద్దరు, ఎప్పుడూ ఒకడు ఖాళీగా దొరుకుతాడు. పీకే, పుయోల్ చెరోపక్కకి జరుగుతారు, దాంతో దాని అల్వెస్ లాంటి సైడ్ డిఫెండర్ నిర్భయంగా ముందుకెళ్లి దాదాపు వింగర్‌లా ఆడొచ్చు. అల్వెస్ పరుగులు టీవీలో కనిపిస్తాయి. వాటికి పర్మిషన్ ఇచ్చినవాడు నడుచుకుంటూ వెనక్కి వచ్చాడు కాబట్టి కెమెరాకి ఆనడు.

బంతి పోయాక చేసే పని మాత్రం అందరూ ఒప్పుకుంటారు. ఆ బార్సిలోనా జట్టు బంతి పోగొట్టుకున్న వెంటనే వెనక్కి పరిగెత్తేది కాదు, అక్కడికక్కడే మీద పడేది. ముందు ముగ్గురు, నలుగురు మీద పడితే ఎదుటివాడు కంగారులో బంతిని ఎటో తన్నేస్తాడు. అది ఎక్కడ పడుతుందో అక్కడ బుస్కెట్స్ ముందే ఉండేవాడు, నాలుగడుగులు వేస్తే చాలు. ఒకవేళ ఊహ తప్పితే చొక్కా పట్టి లాగేవాడు. ఫౌల్ అయినా పర్లేదు, ఎదురుదాడి ఆగింది కదా అన్న ధోరణి. దీన్ని తెలివి అనీ అంటారు, దొంగాట అనీ అంటారు. దొంగాట మాటకొస్తే 2010 ఏప్రిల్ 28న ఇంటర్ మిలాన్ మీద సెమీఫైనల్‌లో థియాగో మొట్టా చెయ్యి తగలగానే మొహం పట్టుకుని పడిపోయి, రిఫరీ రెడ్ కార్డ్ చూపిస్తాడా లేదా అని వేళ్ల సందులోంచి తొంగి చూసిన దృశ్యం ఉండనే ఉంది. నేను అతని అభిమానినే, కానీ దాన్ని సమర్థించుకోవడానికి నా దగ్గర మాటల్లేవు. రెడ్ కార్డ్ వచ్చినా ఫైనల్‌కి వెళ్లింది మాత్రం ఇంటరే.

ఆ వేసవిలోనే ప్రపంచకప్. మొదటి మ్యాచ్‌లో స్పెయిన్ 1-0తో స్విట్జర్లాండ్ చేతిలో ఓడిపోగానే వేళ్లన్నీ బుస్కెట్స్ వైపు తిరిగాయి. షాబి అలోన్సో ఉండగా ఇంకో రక్షణ మిడ్‌ఫీల్డర్ ఎందుకు, ఒకడిని తీసేసి దాడికి పనికొచ్చేవాడిని పెట్టమన్నారు. కోచ్ విసెంటే దెల్ బోస్కే ఒకప్పుడు రియల్ మాడ్రిడ్ మిడ్‌ఫీల్డర్. తను మళ్లీ ఆటగాడిగా పుడితే బుస్కెట్స్‌లా ఆడాలనుకుంటానని చెప్పాడు. మాట వరసకి అనడమే కాదు, టోర్నీ అంతా అతన్నే ఆడించాడు. జొహానెస్‌బర్గ్ ఫైనల్ మనకి సరిగ్గా అర్ధరాత్రి 12కి మొదలైంది. నెదర్లాండ్స్ మీద 116వ నిమిషంలో ఇనియెస్టా గోల్ కొట్టేసరికి నిద్ర కళ్లతో కేకలు పెట్టినవాళ్లం తెల్లారి మాట్లాడుకున్నది ఇనియెస్టా, గోల్‌కీపర్ కసియాస్ గురించే. బుస్కెట్స్ పేరు మా మాటల్లో ఒక్కసారి కూడా వచ్చిన గుర్తు లేదు. సన్నాయి మేళం విని వచ్చినవాళ్లు సన్నాయి గురించి, డోలు గురించి మాట్లాడతారు గానీ శ్రుతి పట్టినవాడి గురించి మాట్లాడరు.

ఇక్కడ నాకు అన్నిటికన్నా బలంగా అనిపించే సాక్ష్యం ఒకటుంది, అది అతను ఆడిన ఆటలో లేదు, పక్కకి జరిగినవాళ్లలో ఉంది. 2009 ఫైనల్‌లో డిఫెండర్లు కొరత పడితే గార్డియోలా వెనక్కి పంపింది యాయా టూరేని. టూరే అసలు ఆ పివోతే స్థానంలో ఆడేవాడే, బలంలో, వేగంలో బుస్కెట్స్ అతనికి పోలికే కాదు. ఏడాది తర్వాత టూరే మాంచెస్టర్ సిటీకి వెళ్లిపోయి అక్కడ పెద్ద స్టార్ అయ్యాడు. అదే 2010లో లివర్‌పూల్ నుంచి హావియెర్ మాస్చెరానో వచ్చాడు. అర్జెంటీనా కెప్టెన్, ప్రపంచంలోని గొప్ప రక్షణ మిడ్‌ఫీల్డర్లలో ఒకడు. బార్సిలోనాలో అతను ఎక్కువ కాలం ఆడింది సెంట్రల్ డిఫెండర్‌గా. ఇక 2022 ప్రపంచకప్. అప్పటికే మాంచెస్టర్ సిటీకి ఇరుసులా ఉన్న రోడ్రిని కోచ్ లూయిస్ ఎన్రికే సెంట్రల్ డిఫెండర్‌గా ఆడించాడు, ఎందుకంటే మధ్యలో 34 ఏళ్ల బుస్కెట్స్ ఉన్నాడు. రెండేళ్లు తిరక్కుండానే రోడ్రి ప్రపంచ ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డి'ఓర్ గెలిచాడు. ముగ్గురు ఆటగాళ్లు, ఇద్దరు వేరువేరు తరహా కోచ్‌లు. ఇంతమందిని కదిలించి ఇతన్ని మాత్రం కదపలేదు.

మరి "అతను గొప్ప జట్టులో ఉండబట్టే" అనేవాళ్ల మాట ఉత్తిదేనా? కాదు. ఇరుసు ఒంటరిగా బండి కాదు. బుస్కెట్స్ ఆటకి ఒక షరతు ఉంది: చుట్టుపక్కలవాళ్లు దగ్గర దగ్గరగా ఉండాలి. ముందున్నవాళ్లు బంతి పోగానే మీద పడాలి, వెనక డిఫెండర్లు పైకి వచ్చి నిలబడాలి. అప్పుడు అతను కాపాడాల్సిన చోటు ఒక పెద్ద హాలంత. ఆ దూరాలు సాగితే అదే చోటు 68 మీటర్ల మైదానం వెడల్పంతా అవుతుంది, అంత నేలని నెమ్మదైన కాళ్లతో కాయడం ఎవరి వల్లా కాదు.

2015 తర్వాత జరిగింది అదే. మెస్సి, సువారెజ్, నెయ్‌మార్ ముగ్గురూ ముందు ఉన్నప్పుడు గోల్స్ వరదలా వచ్చాయి, ఆ ఏడాది మూడు పెద్ద ట్రోఫీలూ గెలిచారు. కానీ ఆ ముగ్గురు వెనక్కి వచ్చి పనిచేయడం తగ్గేకొద్దీ మధ్యలో ఖాళీ పెరిగింది. 2015లో జావి వెళ్లిపోయాడు, 2018లో ఇనియెస్టా. ఆ కాలంలోని ఓటములు వరసగా గుర్తున్నవే: 2018లో రోమాలో 3-0, 2019 మేలో ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్ చేతిలో 4-0, 2020 ఆగస్టులో లిస్బన్‌లో బయర్న్ చేతిలో 8-2. మూడింటిలోనూ బుస్కెట్స్ పక్కనుంచి మనుషులు పరిగెత్తి వెళ్లిపోతుంటే అతను తిరిగి చూసే దృశ్యాలు ఉన్నాయి. కాళ్లు అయిపోయాయి అన్నారు. కాళ్లు తగ్గిన మాట నిజమే. కానీ ఆ కాళ్లు ఇరవై ఏళ్ల వయసులో మాత్రం ఏపాటివి?

దీనికి జవాబు 2021లో కొంత దొరికింది. యూరో మొదలయ్యే ముందు బుస్కెట్స్‌కి కోవిడ్ వచ్చింది. అతను లేకుండా స్పెయిన్ స్వీడన్‌తో 0-0, పోలండ్‌తో 1-1. బంతి అంతా స్పెయిన్ దగ్గరే, ఆట మాత్రం కదలదు. అతను తిరిగొచ్చిన మ్యాచ్‌లో స్లొవాకియా మీద 5-0. స్లొవాకియా గోల్‌కీపర్ చేసిన పొరపాట్లు కూడా అందులో ఉన్నాయి, ఆ మార్కులన్నీ ఇతనికే వేయలేం. ఆ అక్టోబర్‌లో యూరప్ దేశాల మధ్య జరిగే నేషన్స్ లీగ్ ఫైనల్‌లో ఫ్రాన్స్ చేతిలో ఓడినా, ఉత్తమ ఆటగాడి అవార్డు 33 ఏళ్ల బుస్కెట్స్‌కి ఇచ్చారు. చుట్టూ ఉన్నది యూరోలో పెద్రి, నేషన్స్ లీగ్‌లో గావి లాంటి పిల్లలు, అలుపు లేకుండా పరిగెత్తి దగ్గరగా ఉండేవాళ్లు. షరతు తీరింది, ఆట తిరిగొచ్చింది.

బార్సిలోనాలోనూ అంతే. కోచ్‌గా వచ్చిన జావి ఒకప్పటి సహచరుడి సంగతి తెలిసినవాడు కాబట్టి 2022-23లో మధ్యలో నలుగురిని పెట్టాడు, మిడ్‌ఫీల్డర్ డి యాంగ్‌ని బుస్కెట్స్ పక్కనే ఉంచాడు. ఆ సీజన్‌లో 38 లీగ్ మ్యాచ్‌లలో బార్సిలోనా ఎదుటి జట్లకి ఇచ్చిన గోల్స్ 20 మాత్రమే. టైటిల్ గెలిచి, కెప్టెన్‌గా వీడ్కోలు తీసుకున్నాడు. తర్వాతి సీజన్‌లో, అతను లేకుండా, అదే కోచ్ జట్టు 44 గోల్స్ ఇచ్చింది. గోల్‌కీపర్ టెర్ స్టెగెన్ గాయం లాంటివీ కారణాలే, ఒక్క మనిషి లేకపోవడం వల్లే రెట్టింపు అయిందంటే అతిశయోక్తి అవుతుంది. అయినా ఆ సీజన్ అంతా బార్సిలోనా అభిమానుల నోట ఎక్కువగా వినపడ్డ పేరు, జట్టులో లేని బుస్కెట్స్‌దే. ఉన్నప్పుడు ముసలాడయ్యాడు, తీసెయ్యండి అని పోస్టులు పెట్టినవాళ్లు కూడా అందులో ఉన్నారు.

స్పెయిన్ కథ అంత బాగా ముగియలేదు. 2022 డిసెంబర్ 6న ఖతార్‌లో మొరాకో మీద పెనాల్టీ షూటౌట్. సరాబియా కొట్టింది పోల్‌కి తగిలింది, సోలెర్‌ది గోల్‌కీపర్ బూనో ఆపాడు. మూడోది కెప్టెన్ బుస్కెట్స్. అదీ బూనో ఆపేశాడు. 143 మ్యాచ్‌లలో 2 గోల్స్ కొట్టినవాడిని ఆ సమయంలో ఎందుకు పంపారని అడగొచ్చు. పది రోజుల తర్వాత జాతీయ జట్టుకి రిటైర్మెంట్ ప్రకటించాడు.

2023లో మెస్సి, జోర్డి ఆల్బాలతో పాటు ఇంటర్ మయామికి వెళ్లాడు. అమెరికా లీగ్‌లో ఖాళీలు ఎక్కువ, పరుగులు ఎక్కువ, అతనికి అంతగా నప్పే చోటు కాదు. ఆ రెండున్నరేళ్ల గురించి పెద్దగా చెప్పడానికి లేదు, పాత స్నేహితులతో కలిసి కప్పులు గెలిచారు. 2025 సెప్టెంబర్‌లో, సీజన్ అయ్యాక ఆట ఆపేస్తానన్నాడు. చివరి మ్యాచ్ ఆ లీగ్ టైటిల్ తేల్చే ఎంఎల్ఎస్ కప్ ఫైనల్ అయింది. మొరాకో పెనాల్టీకి సరిగ్గా మూడేళ్లకి, డిసెంబర్ 6న, ఇంటర్ మయామి వాంకూవర్‌ని 3-1తో ఓడించింది. బుస్కెట్స్ పేరు మీద గోల్ లేదు. గీత బయట నిలబడి ఆ మ్యాచ్‌కి జట్టుని ఎంపిక చేసిన కోచ్, ఒకప్పుడు అతని కోసం తన స్థానం వదులుకుని డిఫెన్స్‌లోకి వెళ్లిన మాస్చెరానో.